18 ఎకరాల 20 గుంటల్లో వెంచర్ వేస్తున్నాం: ఒర్రె, కుంట, బండలు పోకుండా ప్లాన్ ఎలా గీయించాలి?

చెల్క_బిడ్డ · జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. షాద్‌నగర్ దాటాక లోపలికి ఉంటుంది మా ఊరు. మా నాయినది, ఇద్దరు చిన్నాయినలది కలిపి ఒకే చెక్కలో 18 ఎకరాల 20 గుంటల చెల్క ఉంది. పడమర ఎత్తు, తూర్పు పల్లం. పడమటి మూలన ఎకరంన్నర దాకా బండరాళ్ల గుట్ట. నడుమ నుంచి ఒక ఒర్రె పోతుంది, ఎండాకాలం ఎండిపోతుంది. తూర్పు గట్టు ఊరి కుంటను ఆనుకుని ఉంటుంది. ఒర్రె పక్కన పాత మోటబావి, దాని మీదికి వంగిన ఈతచెట్టు, ఆ చెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లు.

వెంచర్ చేసే ఒకాయన మొన్న కాగితం తెచ్చి చూపించాడు. చదరంగం బల్లలాగా నిలువు రోడ్లు, అడ్డం రోడ్లు, 255 ప్లాట్లు. ఒర్రె ఎక్కడ అని అడిగితే "30 అడుగుల రోడ్డు కింద రెండడుగుల పైపు వేస్తం" అన్నాడు. గుట్టను బ్లాస్టింగ్ చేస్తారట. బావిని మొరంతో పూడుస్తారట.

అమ్మొద్దు అని నేను అనడం లేదు. చిన్నచిన్నాయినకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దచిన్నాయినకు అప్పులున్నాయి. భూమి ప్లాట్లు కాక తప్పదు. కానీ ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంతకంటే మంచిగా చేసే దారి ఉంటే తెలిసినవాళ్లు చెప్పండి.

---

గొలుసు_కొలత · జూన్ 14, రాత్రి 10:25

తమ్ముడూ, నేను లైసెన్స్డ్ సర్వేయర్‌ని. ముందు ఆ కాగితం పక్కన పెట్టు. అది భూమిని చూసి గీసింది కాదు, నాలుగు హద్దులు తీసుకుని కంప్యూటర్‌లో నింపింది.

మొదట గ్రామ నక్షా తీయించు, మీ సర్వే నంబర్ల టిప్పన్ (కొలతల పటం) కూడా. నక్షాలో ఒర్రె గీత ఉందా చూడు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్‌లో వాగులు, ఒర్రెలు గీతలుగా ఉంటాయి, దాన్ని కూడా పక్కన పెట్టుకో. తర్వాత మనిషిని పెట్టి లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీయించు. అర మీటరుకొక కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) రావాలి. 18 ఎకరాలకు అదేం పెద్ద ఖర్చు కాదు. ఒక్క ప్లాటు ధరలో చిన్న ముక్క.

నిబంధనలు: పది మీటర్ల లోపు వెడల్పున్న వాగు, ఒర్రె, నాలాకు అంచు నుంచి 2 మీటర్లు వదలాలి. పది మీటర్లు దాటితే 9 మీటర్లు. కుంట 10 హెక్టార్ల లోపుదైతే ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం హద్దు) నుంచి 9 మీటర్లు, ఆపైన ఉన్న చెరువుకైతే 30 మీటర్లు. ఇవి 2012 బిల్డింగ్ రూల్స్‌లోనే ఉన్నాయి.

అందరూ పొరబడేది ఎఫ్‌టీఎల్ దగ్గర. ఎండాకాలం నీళ్లు ఎక్కడ ఆగాయో అది ఎఫ్‌టీఎల్ కాదు. కుంట నిండి మత్తడి (అలుగు) దుంకేటప్పుడు నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో అది. దాన్ని ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు కలిసి ఖాయం చేయాలి. ఇంకొక మాట. మీ తూర్పు చెక్కలో శిఖం పట్టా ఏమన్నా కలిసి ఉందేమో పాత పహాణీలు (భూమి రికార్డులు) చూసుకో. శిఖం పట్టా అంటే నీళ్లు తగ్గాక సాగు చేసుకునే హక్కే, ఇల్లు కట్టే హక్కు కాదు. పాస్‌బుక్ చేతిలో ఉంది కదా అని ప్లాట్లు చేస్తే రేపు కొన్నవాడు ఏడుస్తాడు.

---

రెండో_అంతస్తు · జూన్ 14, రాత్రి 11:50

చెల్క_బిడ్డా, నీ పోస్టులో "రెండడుగుల పైపు" అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

2020 అక్టోబర్ 13. మేం హైదరాబాద్ తూర్పు శివార్లలో ప్లాటు కొని ఇల్లు కట్టుకుని అప్పటికి నాలుగేళ్లు. ఆ రోజు బేగంపేటలోనే 19 సెంటీమీటర్ల వాన, ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. రాత్రి ఎనిమిదిన్నరకు వంటింట్లో నేల తడిగా ఉంటే పైపు లీకు అనుకున్నాను. గుడ్డ తెచ్చి తుడిచాను. మళ్లీ తడి. తలుపు కింద నుంచి కాదు, సింకు కింద జాలీలోంచి పైకి ఉబుకుతోంది. పావుగంటలో బియ్యం డబ్బా తేలింది. పిల్లల్ని, అత్తయ్యను మేడ మీదికి ఎక్కించేసరికి నీళ్లు స్విచ్‌బోర్డు దాకా వచ్చాయి.

మా లేఅవుట్ వేసినవాళ్లు నాలాను ప్లాట్ల చుట్టూ తిప్పి, రెండు చోట్ల సూటిగా మూల మలిపి, ఆపైన పైపులో వేశారు. నీళ్లు ఆ మూల తిరగలేదు. పాత దారిలోనే వచ్చాయి. ఆ పాత దారి మీద మా వరసలో ఏడిళ్లు ఉన్నాయి. మేం పునాది తీసేటప్పుడు గొర్రెలు కాసే ఒక పెద్దాయన "అమ్మా, ఈడ ఒర్రె ఉండె" అని చెప్పాడు. అనుమతి వచ్చిన లేఅవుట్ కదా అని మేం పట్టించుకోలేదు.

బురద గీత ఇప్పటికీ హాల్లో గోడ మీద రంగు కింద లీలగా కనిపిస్తుంది. మూడుసార్లు రంగు వేయించాం. మేం మీ దగ్గర ప్లాటు కొనబోయేవాళ్లం అనుకుని ప్లాన్ గీయించు తమ్ముడూ.

---

రిటైర్డ్_ఏఈ · జూన్ 15, ఉదయం 6:10

అమ్మా, మీ పోస్టు చదివి బాధ కలిగింది. ఇరిగేషన్‌లో 31 ఏళ్లు పనిచేశాను కాబట్టి లెక్క చెప్తాను. ఇలాంటివి లెక్కలో చూస్తేనే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటారు.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే ఎకరం మీద 4 లక్షల లీటర్లు. మీ పద్దెనిమిదిన్నర ఎకరాల మీద దాదాపు 75 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 1,500 అన్నమాట. ఇప్పుడు చెల్క కాబట్టి అందులో చాలా భాగం ఇంకుతుంది. సీసీ రోడ్లు, మేడలు, వాకిట్లో పార్కింగ్ టైల్స్ వచ్చాక ఇంకేది బాగా తగ్గి, పారేది పెరుగుతుంది. పారడం కూడా గంటలో అయిపోతుంది, ఇంతకుముందులా రోజంతా కాదు.

అది మీ నీళ్ల సంగతి. పైనుంచి వచ్చేది వేరు. ఒర్రెకు మీ పొలం పైన 150 ఎకరాలు ఉందనుకుందాం. గంటకు 5 సెంటీమీటర్ల వాన, అందులో 40 శాతం పారింది అనుకున్నా సెకనుకు 3 ఘనపు మీటర్లు దాటుతుంది. రెండడుగుల పైపు నూటికి ఒకటి వాలు ఉన్నా, లోపల ఒక్క ఆకు లేకున్నా, మోసేది సెకనుకు 0.6 ఘనపు మీటర్లు. అంటే ఐదో వంతు. మిగతా నాలుగు వంతులు రోడ్డు మీద. దానికి ఒక సిమెంటు సంచి అడ్డం పడితే మొత్తం రోడ్డు మీదే.

తెరిచి ఉన్న కాలువే కావాలి. పక్కలు నిలువు గోడలు కాదు, ఏటవాలుగా ఉండాలి, గడ్డి పట్టాలి. పైపు అయితే పూడింది కనపడదు, కాలువ అయితే ప్రతివాడికీ కనపడుతుంది.

కుంట సంగతి కూడా చెప్పాలి. మనవి గొలుసుకట్టు చెరువులు. మీ కుంట మత్తడి కింద ఇంకో చెరువు, దాని కింద ఇంకొకటి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు పైన పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. ఒకటి తెగితే కిందది ఆగదు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారు వచ్చారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మీ కుంట కట్ట మీద మీ వెంచర్ లారీలు తిరగనీయకండి.

---

వెంచర్_మనిషి · జూన్ 15, ఉదయం 9:30

నేను ఈ పనిలో 15 ఏళ్ల నుంచి ఉన్నాను. మా వైపు మాట కూడా ఒకరు చెప్పాలి కదా.

పైపు ఎందుకు వేస్తారంటే, ఒర్రెను తెరిచి ఉంచితే అటు ఇటు ఎన్నో గజాలు పోతాయి. ప్లాట్లు పక్కా చదరంగా రావు. కొనేవాళ్లు అడిగేది తూర్పు ఫేసింగ్, మూలలు సమంగా ఉండాలి, వీధిపోటు ఉండొద్దు. రోడ్డు వంపు తిరిగితే వంకర ప్లాట్లు వస్తాయి. అవి చివరి దాకా మిగులుతాయి. పెట్టుబడికి వడ్డీ మేం కడతాం.

కానీ నిజం చెప్పాలంటే గత రెండేళ్లలో మార్పు వచ్చింది. 2024లో హైడ్రా (చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక సైట్ విజిట్‌కు వచ్చినవాళ్లు మొదటి ప్రశ్నే ఎఫ్‌టీఎల్ ఎక్కడ, నాలా ఎక్కడ అని. ఔటర్ రింగ్ రోడ్డు బయట కూడా అడుగుతున్నారు. బ్యాంకు లీగల్ వాళ్లు కూడా అడుగుతున్నారు.

చెల్క_బిడ్డ గారికి నా సలహా ఒకటే. పార్కుకు ఎలాగూ 10 శాతం వదలాలి. అంటే మీకు దగ్గర దగ్గర ఎకరం 34 గుంటలు. మా వాళ్లు దాన్ని ఎవరికీ పనికిరాని మూలన పడేస్తారు, నేనూ పడేశాను. దాన్ని ఒర్రె వెంట పొడుగ్గా పెట్టించండి. అప్పుడు ఒర్రె కోసం వేరేగా పోయేది తక్కువ.

---

చెల్క_బిడ్డ · జూన్ 15, మధ్యాహ్నం 1:15

అందరికీ చాలా థాంక్స్. రెండో_అంతస్తు అక్కా, మీ పోస్టు మా నాయినకు చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు, లేచి పొలం దిక్కు పోయిండు.

వెంచర్_మనిషి అన్నా, ఒర్రె బఫర్‌ను (అంచున వదిలే జాగాను) పార్కు కింద లెక్క కట్టనిస్తారా? గుట్టను ఏం చేయాలి? చిన్నాయిన ఒకటే అంటున్నడు: "బండను ఎవడు కొంటడు?"

---

వాలు_గీత · జూన్ 15, సాయంత్రం 4:45

నేను టౌన్ ప్లానర్‌ని. ఒక్కొక్కటిగా చెప్తాను.

బఫర్‌ను ఆర్గనైజ్డ్ ఓపెన్ స్పేస్‌లో (పార్కు జాగాలో) భాగంగా లెక్కించుకునే వీలు 2012 రూల్స్‌లో ఉంది. మీ అనుమతి ఎవరి చేతుల్లో ఉందో వాళ్లను టెంటేటివ్ లేఅవుట్‌కు (తాత్కాలిక అనుమతికి) ముందే రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకండి. అయితే పిల్లలు ఆడుకునే చోటు మాత్రం పొడి నేల మీద వేరేగా ఉండాలి. ఉన్న పార్కు అంతా ఒర్రె గట్టే అయితే వానాకాలం నాలుగు నెలలు పార్కు లేనట్టే.

గుట్ట. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒక్కసారి పేలిస్తే మళ్లీ రాదు. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఇదే మాట చెప్తూ వస్తున్నారు. ఆ భావం మీ చిన్నాయిన గారికి పట్టకపోవచ్చు, కాబట్టి ఖర్చు చెప్పండి. బ్లాస్టింగ్ అనుమతులు, డ్రిల్లింగ్, ముక్కలు మోయడం, ఆ పైన చదును. ఆ ఎకరంన్నరలో వచ్చే ప్లాట్ల ధరలోంచి ఇవన్నీ తీసేసి ఎంత మిగులుతుందో లెక్క వేయమనండి. పైగా బండ మీద పడ్డ వాన పగుళ్లలోంచి జారి గుట్ట అంచున ఇంకుతుంది. మీ మోటబావిలో నీళ్లు అక్కడివే అయి ఉండొచ్చు. గుట్ట తీసేసి బోర్లు వేస్తే మొదటి ఎండాకాలమే ట్యాంకర్లు.

రోడ్లు. వాలు వెంట నిలువుగా దిగే రోడ్డు వానాకాలంలో కాలువే అవుతుంది. ప్రధాన రోడ్లను కాంటూర్ వెంట, ఉత్తరం–దక్షిణంగా గీయించండి. మీకు పడమర ఎత్తు కాబట్టి అలా గీస్తే ప్లాట్లు తూర్పు, పడమర ఫేసింగ్ వస్తాయి. వెంచర్_మనిషి గారు చెప్పిన వాస్తు గొడవ సగం తీరుతుంది. వాలుగా దిగే అడ్డరోడ్లు రెండో మూడో చాలు, వాటి పక్కన గడ్డి కందకాలు.

ఇంకొకటి తెలుసుకోండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ 20,000 చదరపు మీటర్ల పైన కట్టడాలకు, 50 హెక్టార్ల పైన టౌన్‌షిప్‌లకు వర్తిస్తుంది. మీది ఏడున్నర హెక్టార్ల ప్లాట్ల వెంచర్. ఒర్రె ఏమైంది, చెట్లు ఏమయ్యాయి అని మిమ్మల్ని ఆ చట్టం కింద ఎవరూ అడగరు. మన రాష్ట్రంలో ఊళ్లు పెరుగుతున్నది ఎక్కువగా ఇలాంటి పదెకరాల, ఇరవై ఎకరాల వెంచర్లతోనే. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

---

గిజిగాడు_9 · జూన్ 15, రాత్రి 8:20

బడిలో సైన్సు చెప్తాను, పిట్టల్ని చూడటం నా పిచ్చి. ఆ ఈతచెట్టు ఫోటో ఉంటే పెట్టండి.

గిజిగాడు ఎక్కువగా నీళ్ల మీదికి వంగిన కొమ్మలకు గూడు ఎందుకు కడుతుందంటే, పాము పైనుంచి దిగడం కష్టం, కింద నుంచి అందుకోవడమూ కష్టం. మగపిట్ట సగం గూడు అల్లి రెక్కలు కొడుతూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల దూరి చూస్తుంది. ఆమెకు నచ్చితేనే మగపిట్ట మిగతా సగం, ఆ పొడుగాటి గొట్టం అల్లుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అట్లాగే వేలాడుతుంది. మీ చెట్టు మీద హెల్మెట్‌లాగా సగం సగం ఉన్నవి కనిపిస్తే అవే. ఈ నెలలో వానలు పడగానే కట్టడం మొదలవుతుంది. ఇప్పుడు ఆ చెట్టు కొట్టొద్దు, బావి పూడ్చొద్దు. కనీసం ఈ వానాకాలం గడవనీయండి.

జేసీబీ వచ్చే ముందు రెండు పొద్దులు, తెల్లారగట్ల, మీ 18 ఎకరాలు నడిచి ఏమున్నాయో రాసుకోండి. ప్రతి పెద్ద చెట్టుకు నంబరు వేసి ప్లాన్ మీద చుక్క పెట్టించండి. చింత, వేప, మోదుగ, రేల, మేడి ఏది ఉన్నా. చుక్క పెట్టిన చెట్టు రోడ్డు మీద వస్తే రోడ్డును పది అడుగులు జరపొచ్చు. చెట్టును కొట్టాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి తీసుకోవాలని కూడా గుర్తుంచుకోండి. ఉన్న చింతచెట్టు కొట్టేసి గేటు దగ్గర కోనోకార్పస్ వరస పెట్టడం ప్రతి వెంచర్‌లో చూస్తున్నాను. దాని మీద పిట్ట వాలడం నేను పెద్దగా చూడలేదు.

బండల మధ్య పొదలు శుభ్రం చేయించకండి. కౌజుపిట్టలు, ఉడుములు, తొండలు ఉండేది అక్కడే.

---

శాక్రమెంటో_తెలుగు · జూన్ 16, ఉదయం 7:05

నేను ఉండేది కాలిఫోర్నియాలో. మాకు దగ్గర్లో డేవిస్ అనే ఊళ్లో విలేజ్ హోమ్స్ అని ఒక కాలనీ ఉంది. 1970లలో వేశారు, 220కి పైగా ఇళ్లు. నేను మూడు నాలుగుసార్లు వెళ్లి నడిచాను. అక్కడ వాననీళ్లకు భూమి కింద పైపుల బదులు ఇళ్ల వెనక గడ్డి కందకాలు. కందకం అడ్డంగా అక్కడక్కడా చిన్న కట్టలు, నీళ్లు ఆగి ఇంకుతాయి. వీధులు సన్నగా ఉంటాయి, మీద చెట్ల నీడ. దానిమ్మ, అంజీరు, ద్రాక్ష కాలనీ మొత్తానికి ఉమ్మడి. మొదట్లో ఊరి అధికారులు కందకాలు పనిచేయవని ఒప్పుకోలేదట. తర్వాత పెద్ద వానలు వచ్చినప్పుడు అవి బాగానే పనిచేశాయి.

అక్కడ వాన మనలాగా గంటలో కుండపోత కాదు, చలికాలంలో మెల్లగా పడుతుంది. కొలతలు అట్లాగే ఎత్తుకు రావొద్దు. నేను చెప్పాలనుకుంది ఏంటంటే ఆ ఇళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో జనం కోరి కొనుక్కునేవి. మీ చిన్నాయినకు ఆ సంగతి చెప్పండి.

---

తంగేడుపూలు · జూన్ 16, మధ్యాహ్నం 2:30

అన్నలందరూ వాననీళ్ల గురించి చెప్పారు. నేను పంచాయతీ కార్యదర్శిని. రోజూ నా దగ్గరికి వచ్చేది మురుగునీళ్ల ఫిర్యాదు.

255 ప్లాట్లు అంటే 255 సెప్టిక్ ట్యాంకులు, 255 బోర్లు. 150 గజాల్లో ఒక మూలన అది, ఇంకో మూలన ఇది. పది పదిహేనేళ్లలో ఆ బోరు నీళ్లు ఎట్లుంటాయో ఆలోచించండి. సెప్టిక్ ట్యాంకుకు ఇంకుడు గుంత లేకుండా పైపు తీసి ఒర్రెలో వదులుతారు. ఒర్రె కుంటలోకి పోతుంది. రెండేళ్లలో గుర్రపుడెక్క పరుచుకుంటుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇదే జరిగింది. చేపపిల్లలు వదిలిన మత్స్యకారుల సంఘం వాళ్లు పొద్దున వెళ్లేసరికి చేపలన్నీ వెల్లికిలా తేలినయి. పెద్దమనిషి ఒకాయన ఒక్కో చేపను తీసి గంపలో వేస్తూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. కుంట వెంచర్ వాళ్లది కాదు. ఊరిది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా గ్రామ ఉమ్మడి జాగాల గురించే, అక్కడా ఆక్రమించింది ఒక చెరువునే.

కాబట్టి మొత్తం వెంచర్‌కు కలిపి మురుగు లైను వేయించి, తూర్పు పల్లంలో బఫర్‌కు ఇవతల శుద్ధి చేసే చోటు వదిలించండి. ప్లాన్‌లో జాగా ఇప్పుడు వదలకపోతే తర్వాత ఎక్కడా దొరకదు.

ఇంకో సంగతి, ఆడదానిగా చెప్తున్నాను. మీ ఊళ్లో బతుకమ్మ వేసేది ఆ కుంటలోనే కదా? తంగేడు, గునుగు పెరిగేది మీ చెల్క గట్ల మీద, ఆ గుట్ట కింది బీడులో. మా పక్క ఊళ్లో అన్నీ వెంచర్లు అయినంక గునుగు కోసం మార్కెట్‌కు పోయి కట్టలు కొంటున్నరు. కుంట దాకా ఆడవాళ్లు నడిచిపోయే పాత బండ్లబాట ఉంటుంది, చూడండి. దాన్ని కాంపౌండ్ గోడతో మూయనీయకండి.

---

వెంచర్_మనిషి · జూన్ 16, సాయంత్రం 6:00

తంగేడుపూలు అక్కా, బండ్లబాట మాట మంచిగ గుర్తు చేశారు. నక్షాలో ఉన్న దారి మూస్తే కోర్టు కేసే.

నేను రాత్రి కూర్చుని చేత్తో చిన్న లెక్క వేశాను. గుట్ట వదిలేసి, ఒర్రె తెరిచి ఉంచి, రోడ్లు కాంటూర్ వెంట గీస్తే 255 కాస్తా 225, 230 అవుతాయి. బ్లాస్టింగ్, పైపు, బావి పూడ్చడం, పల్లంలో నాలుగడుగుల మొరం ఫిల్లింగ్ తప్పుతాయి. ఒర్రె పార్కు వైపు తిరిగిన ప్లాట్లకు గజానికి కొంచెం ఎక్కువ అడగొచ్చు. నష్టం ఉండదని చెప్పను. 25 ప్లాట్లలో సగం సొమ్ము మళ్లీ చేతికి వస్తుంది, సగం రాదు. ఆ సగం ఇంట్లో ముగ్గురన్నదమ్ములు ఎట్లా పంచుకుంటారో ముందే మాట్లాడుకోండి. ఒకరి వాటాలోనే ఒర్రె, గుట్ట పడితే గొడవ అవుతుంది. మొత్తం భూమిని ఒకటే కుప్పగా చేసి వచ్చినదాన్ని పంచుకోవాలి.

---

రెండో_అంతస్తు · జూన్ 16, రాత్రి 9:10

ఒకటి మరిచిపోవద్దు. ప్లాన్ మీద పార్కు అని రాయడం వేరు, పదేళ్ల తర్వాత అది పార్కుగా ఉండటం వేరు. మా దగ్గర పార్కు అని చూపించిన జాగాలో ఇప్పుడు రేకుల షెడ్డు ఉంది. రోడ్లు, ఓపెన్ స్పేస్ స్థానిక సంస్థ పేరు మీద గిఫ్ట్ డీడ్ చేయాలి. చేసింది రిజిస్టర్ అయిందా లేదా డాక్యుమెంట్ నంబరుతో సహా ప్రతి కొనేవాళ్లకూ ఇవ్వండి. ఒర్రెకు రెండు వైపులా హద్దురాళ్లు పాతించి, వాటి కొలతలు సేల్ డీడ్‌లోనే రాయించండి. మాకు ఆ ఒక్క కాగితం ఉండి ఉంటే ఆ షెడ్డు మీద ఈపాటికి గెలిచేవాళ్లం.

---

చెల్క_బిడ్డ · జూలై 8, రాత్రి 10:05

మూడు వారాలు కనపడనందుకు క్షమించండి. గొలుసు_కొలత అన్న తనే వచ్చి మూడు రోజులుండి లెవెల్స్ తీశాడు. ఎంత ఇస్తామన్నా కూలివాళ్ల ఖర్చు తప్ప ఏమీ తీసుకోలేదు.

మొన్న ఆదివారం రాత్రి గట్టి వాన పడింది. తెల్లారగానే నేను, నాయిన, అన్న గొడుగులేసుకుని పోయినం. అమ్మ పాత ఎర్రచీర చింపి ఇచ్చింది. నీళ్లు పారినచోటల్లా కట్టెలు పాతి ఎర్రగుడ్డ కట్టినం.

నీళ్లు ఒర్రెలో లేవు. ఉన్నాయి, కానీ కొంచెం. పెద్ద పారకం ఒర్రెకు దక్షిణంగా నలభై అడుగుల దూరంలో, జొన్నచేను నడిమిట్ల నుంచి పోతోంది. ఎర్రమట్టి కోసుకుపోయి, పిడికిలంత రాళ్లు తేలినయి. నేను అన్నను చూస్తే, అన్న నాయినను చూసిండు. నాయిన కొంచెంసేపు అట్లనే నిలబడి చెప్పిండు. "ఇప్పుడు మీరు ఒర్రె అంటున్నది మా తాత తవ్విన కాలువ. బావి నిండాలని నీళ్లను ఇటు మలిపిండు. అసలు ఒర్రె ఇదే. చిన్నప్పుడు చూసిన, మళ్ల ఇన్నేండ్లకు చూస్తున్న." అన్న అప్పుడే నక్షా తీసి చూపించాడు. గీత దక్షిణంవైపే ఉంది. మేమంతా నక్షాలో తప్పు పడిందనుకున్నాం.

వెంచర్ ఆయన కాగితంలో సరిగ్గా ఆ చోట 30 అడుగుల రోడ్డుకు రెండు వైపులా 22 ప్లాట్లున్నాయి.

ఇప్పుడు రెండు పారకాలూ, మధ్య నేల కలిపి పార్కుగా వదలాలని వాలు_గీత మేడమ్ కొత్త గీత గీసి పంపారు. గుట్ట ఉంటుంది. బండ్లబాట ఉంటుంది. శుద్ధి కోసం తూర్పున 12 గుంటలు. 218 ప్లాట్లు వచ్చాయి. పెద్దచిన్నాయిన ఎర్రగుడ్డలు చూసి ఒప్పుకున్నాడు. చిన్నచిన్నాయిన ఇంకా ఒప్పుకోలేదు, ఆయన బాధ నాకు తెలుసు. నా వాటాలోంచి రెండు ప్లాట్లు చెల్లెళ్ల పేరు మీద రాస్తానన్నాను. సోమవారం మళ్లీ కూర్చుంటున్నాం.

ఈలోపు ఒక్క పని మొదలుపెడదామనుకుంటున్నాను. బావిలో ఇరవై ఏళ్ల పూడిక ఉంది. తీయించాలంటే ఎట్లా?

---

గిజిగాడు_9 · జూలై 8, రాత్రి 10:40

గూళ్ల సంగతేంటి?

---

చెల్క_బిడ్డ · జూలై 8, రాత్రి 10:52

31 లెక్కపెట్టాను సార్. పదకొండు సగం సగం ఉన్నాయి.

---

రిటైర్డ్_ఏఈ · జూలై 9, ఉదయం 5:50

జేసీబీని బావి అంచుకు రానీయకు, రాతి కట్టడం జారిపోతుంది. పైగా గిజిగాడు_9 గారి పిట్టలు ఉన్నన్నాళ్లు అక్కడ చప్పుడు వద్దు. పూడిక దసరా దాటాక, నీళ్లు తగ్గాక, మనుషులతో గంపలెత్తి తీయించాలి. ఆ మట్టి పారేయకు, పార్కులో చెట్లకు పనికొస్తుంది. ఈలోగా ఒక పని చెయ్యి. బావి గోడ మీద అడుగు అడుగుకు సున్నంతో గీతలు గీసి, ప్రతి వాన తర్వాత నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తేదీ వేసి రాసుకో. గుట్ట నీళ్లు బావికి వస్తున్నాయో లేదో ఆ పుస్తకమే చెప్తుంది. గురువారం నేను షాద్‌నగర్ బస్సెక్కుతున్నాను. సోమవారం లోపల మీ చిన్నచిన్నాయిన గారితో కూర్చుని మాట్లాడతాను. ఎర్రగుడ్డలు తీసేయకండి.